ఫెంటనిల్ స్ట్రిప్‌తో టెస్ట్ ఎలా చేయాలి: అమెరికాలో ఉన్న మన పిల్లల కోసం

ఫెంటనిల్ అనేది చాలా బలమైన నొప్పి మందు, బయట దొరికే నకిలీ మాత్రల్లో, పౌడర్లలో చెప్పకుండా కలిసి వస్తుంది, అది ఉందో లేదో చూసే కాగితం పట్టీయే ఈ స్ట్రిప్. ఎవరి కోసం రాస్తున్నానో ముందే చెప్పేస్తా. మాస్టర్స్ చేస్తూ ఫైనల్స్ వారంలో రాత్రంతా మేల్కోవడానికి రూమ్మేట్ ఇచ్చిన అడ్డెరాల్ మాత్ర వేస్కునేవాళ్ళు, నిద్ర పట్టక ఫ్రెండ్ దగ్గర జానాక్స్ బార్ అడిగి తీస్కున్నవాళ్ళు, వీకెండ్ పార్టీలో మోలీ (ఎండీఎంఏ అనే పార్టీ డ్రగ్) ట్రై చేద్దామా వద్దా అని ఊగుతున్నవాళ్ళు, వీళ్ళతో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటూ ఏం చేయాలో తెలీక భయపడేవాళ్ళు. ఫార్మసీలో డాక్టర్ చీటీతో కొనని మాత్ర ఏదీ వేస్కోకపోవడమే అన్నిటికన్నా మంచిది, అందులో రెండో మాట లేదు. కానీ ఆ ముక్క చెప్పి ఊరుకుంటే సరిపోదు, ఎందుకంటే వేస్కునేవాళ్ళు వేస్కుంటూనే ఉన్నారు, వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు, ఇంటికి తెలీకుండా ఉన్నారు. బతికుంటేనే కదా రేపు మానేసే అవకాశం ఉండేది.

అమెరికాలో 2022లో దాదాపు 1,08,000 మంది డ్రగ్ ఓవర్‌డోస్‌తో చనిపోయారు, అందులో ఎక్కువ భాగం ఫెంటనిల్ లాంటి సింథటిక్ ఓపియాయిడ్ల (నల్లమందు లాగా పనిచేసే, ల్యాబ్‌లో చేసిన మందుల) వల్లే. ఆ తర్వాత లెక్క తగ్గుతూ వచ్చింది గానీ ప్రమాదం పోలేదు. ఫెంటనిల్ హెరాయిన్ కన్నా సుమారు 50 రెట్లు, మార్ఫిన్ కన్నా సుమారు 100 రెట్లు బలమైనది, అలవాటు లేని మనిషికి 2 మిల్లీగ్రాములు చాలు ప్రాణం పోవడానికి. ఆ 2 మిల్లీగ్రాములు పెన్సిల్ ముల్లు మీద పట్టేస్తాయి. రంగు, రుచి, వాసన చూసి ఎవరూ పట్టుకోలేరు. మాత్ర మీద నంబర్ కరెక్ట్‌గా ఉంది, రంగు సేమ్ ఉంది, బాటిల్లోంచి తీసిచ్చాడు అనేవి లెక్కలోకి రావు, ఎందుకంటే ఆ అచ్చులు కొట్టే ప్రెస్ మెషీన్లు నకిలీ మాత్రలు చేసేవాళ్ళ దగ్గరా ఉన్నాయి. అమెరికా డ్రగ్ నిరోధక సంస్థ డీఈఏ వాళ్ళు 2023లో పట్టుకుని ల్యాబ్‌లో చూసిన ఫెంటనిల్ నకిలీ మాత్రల్లో ప్రతి 10కి 7 మాత్రల్లో ప్రాణం తీసేంత మోతాదు ఉందని చెప్పారు. మీకిచ్చిన ఫ్రెండ్ మంచోడే అయ్యుండొచ్చు, వాడికి ఇచ్చినవాడికి కూడా లోపల ఏముందో తెలీదు, సమస్య అక్కడుంది. తెలంగాణలో కల్తీ కల్లు సంగతి తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు, కల్లే అనుకుని తాగుతారు, లోపల అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్ ఉంటాయి, తాగేవాడికే కాదు పోసేవాడికి కూడా ఎంత కలిసిందో తెలీదు.

ముందు ఏమేం దగ్గర పెట్టుకోవాలి

ఫెంటనిల్ టెస్ట్ స్ట్రిప్ అనేది వేలెడంత ఉండే కాగితం పట్టీ, రేకు కవర్‌లో సీల్ చేసి వస్తుంది. అసలు ఇది యూరిన్ టెస్ట్ కోసం తయారుచేసింది, 2016లో కెనడాలోని వాంకూవర్‌లో, డ్రగ్స్ వాడేవాళ్ళ కోసం ఉన్న ఇన్‌సైట్ అనే సెంటర్ వాళ్ళు డ్రగ్‌నే నీళ్ళలో కలిపి ఇందులో ముంచి చూడటం మొదలుపెట్టారు, అక్కణ్ణుంచి పాకింది. 2021 ఏప్రిల్‌లో అమెరికా ఫెడరల్ నిధులతో వీటిని కొని పంచొచ్చని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు సీడీసీ, సామ్‌సా కలిసి ప్రకటించాయి. అందుకే చాలా ఊళ్ళలో కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్, హార్మ్ రిడక్షన్ సెంటర్లు (డ్రగ్స్ వాడేవాళ్ళకి హాని తగ్గించడానికి సాయం చేసే చోట్లు), కొన్ని యూనివర్సిటీ హెల్త్ సెంటర్లు వీటిని ఫ్రీగా ఇస్తున్నాయి. ఆన్‌లైన్‌లో కొనుక్కున్నా పెద్ద ఖర్చేం కాదు.

ఒక్క జాగ్రత్త, ఒకప్పుడు చాలా స్టేట్స్‌లో ఈ స్ట్రిప్స్‌ని కూడా డ్రగ్ సామాను కిందే లెక్కేసేవాళ్ళు. ఇప్పుడు ఎక్కువ స్టేట్స్ చట్టం మార్చుకున్నాయి గానీ అన్నీ కాదు, అన్ని రకాల కిట్లకీ కాదు, కాబట్టి మీ స్టేట్ పేరు పెట్టి హెల్త్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో ఒకసారి చూస్కోండి. ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్ళు దీన్ని ఇక్కడ వాడొచ్చు అనుకోవద్దు, ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం కింద తక్కువ మోతాదు డ్రగ్ దగ్గరున్నా నేరమే, టెస్ట్ చేయడానికి తెచ్చా అంటే ఎవరూ వినరు.

స్ట్రిప్‌తో పాటు కావాల్సినవి: పొడిగా శుభ్రంగా ఉన్న చిన్న గిన్నె లేదా బాటిల్ మూత, మామూలు మంచినీళ్ళు, కొలత టీస్పూన్, టైమ్ చూసే ఫోన్. వీటికన్నా ముందు నార్కాన్ స్ప్రే, ఓవర్‌డోస్ అయినప్పుడు ముక్కులో కొట్టే విరుగుడు. అదెందుకో కిందకి వస్తాం, అది లేకుండా మాత్రం మొదలుపెట్టకండి.

టెస్ట్ చేసే పద్ధతి

1. వేస్కోక ముందు చేయాలి. సగం వేస్కుని, ఏదో తేడాగా ఉందని అప్పుడు స్ట్రిప్ వెతికితే లాభం లేదు. స్ట్రిప్ కవర్ మీద ఎక్స్‌పైరీ డేట్ చూడండి, ఎండాకాలం కార్లో పడేసిన స్ట్రిప్ అయితే పక్కన పెట్టేయండి.

2. మాత్ర అయితే మొత్తం మెత్తగా పొడి చేయండి, పౌడర్ అయితే బాగా కలపండి. ఈ స్టెప్‌ని చాలామంది వదిలేస్తారు, కానీ అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఫెంటనిల్ మాత్రంతా సమానంగా కలిసి ఉండదు, పులిహోరలో జీడిపప్పు లాగా ఒక ముద్దలో నాలుగు వస్తాయి, ఇంకో ముద్దలో ఒక్కటీ రాదు. మాత్ర అంచు కొంచెం గీకి టెస్ట్ చేసి ఏం లేదు అనుకుంటే, మిగతా ముక్కలో ఉన్నది అలాగే ఉంటుంది. పొడి చేసి కలిపినా నూటికి నూరు శాతం సమానం అవుతుందని గ్యారంటీ లేదు, వేస్కోవాలనుకున్న మొత్తాన్నీ నీళ్ళలో కరిగించి టెస్ట్ చేయడమే అన్నిటికన్నా నమ్మదగ్గ పద్ధతి. ఒకే కవర్‌లో వచ్చిన రెండు మాత్రల్లో ఒకటి బాగుంటే రెండోది బాగుండాలని లేదు, ప్రతిదానికీ వేరే స్ట్రిప్ కావాలి.

3. మొత్తం కరిగించకుండా కొంచెమే తీస్తుంటే కనీసం 10 మిల్లీగ్రాములు ఉండాలి. అంత చిన్న తూకం ఇంట్లో ఎవరికి ఉంటుంది, అందుకే అక్కడ ఒక గుర్తు చెప్తారు, పెన్నీ నాణెం మీద లింకన్ బొమ్మ జుట్టు కప్పేంత అని. దాన్ని గిన్నెలో వేసి అర టీస్పూన్ నీళ్ళు పోసి కలపండి. మెత్ (మెథాంఫెటమిన్) గానీ మోలీ గానీ ఎక్స్‌టసీ (మాత్ర రూపంలో మోలీ) గానీ అయితే, లేదా అందులో మెత్ ఉండొచ్చని అనుమానం ఉంటే, 10 మిల్లీగ్రాములకి పూర్తిగా ఒక టీస్పూన్ నీళ్ళు పోయాలి. ఎందుకంటే ఇవి చిక్కగా ఉంటే ఫెంటనిల్ లేకపోయినా స్ట్రిప్ ఉన్నట్టు చూపించేస్తుంది. బయట దొరికే నకిలీ అడ్డెరాల్‌లో చాలాసార్లు ఉండేది మెత్తే, కాబట్టి అడ్డెరాల్‌కి కూడా ఫుల్ టీస్పూన్ లెక్కే పెట్టుకోండి. మాత్ర మొత్తం కరిగిస్తుంటే ఆ లెక్కనే నీళ్ళు పెంచుకుంటూ పోవాలి. బెనడ్రిల్ అనే ఎలర్జీ మాత్రలో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ కూడా చిక్కగా ఉంటే ఇలాగే తప్పు చూపిస్తుంది. అలాగని మరీ ఎక్కువ నీళ్ళు పోసి పలచన చేస్తే ఉన్నది కూడా దొరక్కపోవచ్చు. కూల్‌డ్రింక్‌లో, ఆల్కహాల్‌లో ముంచొద్దు, నీళ్ళే.

4. స్ట్రిప్‌కి ఒక వైపు అలల గీతలు ఉంటాయి, ఆ వైపు కిందకి పెట్టి నీళ్ళలో 15 సెకన్లు ఉంచండి. దాని మీద గుర్తు దాటి ముంచొద్దు. నీళ్ళు కాగితంలోకి పాకుతూ పైకెక్కడం కళ్ళకి కనిపిస్తుంది.

5. తీసి చదునుగా, పొడిగా ఉన్న చోట పడుకోబెట్టి 2 నుంచి 5 నిమిషాలు ఆగండి. ఆ టైమ్‌లోనే చదవాలి, అరగంట తర్వాత వచ్చి చూసి ఇదేదో గీత వచ్చినట్టుంది అనుకోవద్దు.

గీతలు చదవడంలోనే ఎక్కువమంది బోల్తా పడతారు

కోవిడ్ టెస్ట్ ఇంట్లో చేస్కున్న అలవాటు అందరికీ ఉంది, అక్కడ రెండు గీతలు వస్తే పాజిటివ్. ఇక్కడ పూర్తిగా ఉల్టా. ఒక్క గీత వస్తే ఫెంటనిల్ ఉంది. రెండు గీతలు వస్తే దొరకలేదు. ఇది బట్టీ పట్టండి, స్ట్రిప్ కవర్ మీద మార్కర్‌తో రాస్కోండి, ఎందుకంటే పార్టీలో మసక లైట్‌లో, రాత్రి రెండింటికి బుర్ర పనిచేయదు.

అలా ఎందుకంటే, స్ట్రిప్‌లో రంగు అంటించిన యాంటీబాడీలు ఉంటాయి, ఫెంటనిల్ లేకపోతే అవి వెళ్ళి టెస్ట్ గీత దగ్గర అతుక్కుని గులాబీ రంగు చూపిస్తాయి, ఫెంటనిల్ ఉంటే అది వాటిని ముందే పట్టేసుకుంటుంది కాబట్టి అక్కడ గీత పడదు. అంటే గీత మాయమైతే భయపడాలి. మీరు పట్టుకునే కొసకి దగ్గరగా ఉండేది కంట్రోల్ గీత, అది ఎలాగైనా రావాలి. అది రాకపోయినా, అసలు ఏ గీతా రాకపోయినా ఆ స్ట్రిప్ పాడైనట్టు, ఇంకోటి తీసి మళ్ళీ చేయాలి.

రెండో గీత బాగా పలచగా, ఉందా లేదా అన్నట్టు వస్తే? రూల్ ప్రకారం ఎంత పలచగా ఉన్నా గీతే, అంటే దొరకలేదు అనే. నన్నడిగితే మాత్రం కళ్ళు చికిలించి వెతుక్కోవాల్సినంత పలచగా ఉంటే ఇంకో స్ట్రిప్‌తో మళ్ళీ చేసి చూడండి, అదీ అలాగే ఉంటే పారేయండి.

రెండు గీతలు వచ్చాయి కదా, ఇక సేఫేనా

కాదు. ఇది నేను ఎన్నిసార్లైనా చెప్తా. స్ట్రిప్‌ని మీరు అడిగింది ఒకే ఒక ప్రశ్న, ఫెంటనిల్ ఉందా అని. అది ఆ ఒక్కదానికే జవాబు చెప్తుంది. ఎంత ఉందో చెప్పదు, మిగతా ఏమేం ఉన్నాయో అసలే చెప్పదు. ఫెంటనిల్ కుటుంబంలోనే కార్‌ఫెంటనిల్ లాంటి ఇంకా ఘోరమైనవాటిని కొన్ని స్ట్రిప్స్ పట్టుకోలేవు. నిటజీన్లు అనేవి ఇంకో జాతి ఓపియాయిడ్లు, ఫెంటనిల్ స్ట్రిప్‌కి అవి కనిపించవు, వాటికి వేరే స్ట్రిప్ ఉంది, అది కూడా అన్ని నిటజీన్లనీ పట్టదు. జైలజీన్ పశువులకి మత్తుకిచ్చే మందు, ఫెంటనిల్‌లో కలుపుతున్నారు, దాన్ని వాడేవాళ్ళకి మానని పుండ్లు పడతాయి, దానికీ వేరే స్ట్రిప్ వచ్చింది, కానీ లిడోకైన్ (తిమ్మిరెక్కించే మందు) ఉంటే అది తప్పుగా పాజిటివ్ చూపిస్తుంది. ఈ మధ్య ఫిలడెల్ఫియా వైపు జైలజీన్ పోయి మెడెటోమిడిన్ వచ్చింది, అదీ పశువుల మత్తుమందే. సరుకు మారుతూనే ఉంటుంది, స్ట్రిప్స్ దాని వెనక పరిగెడుతుంటాయి.

రంగు మారే రీఏజెంట్ చుక్కల కిట్లు అమ్ముతారు కదా, అవి వేరే పనికి. తెల్లటి పింగాణీ ప్లేట్ మీద గుండుసూది తలకాయంత పొడి పెట్టి ఒక చుక్క వేసి మొదటి అర నిమిషం, నిమిషం లోపు రంగు చూస్తారు. మార్క్విస్ అనే దానిలో ఎండీఎంఏ ఊదా రంగు మీదుగా నల్లగా మారుతుంది, యాంఫెటమిన్, మెత్ అయితే నారింజ రంగు నుంచి గోధుమ రంగుకి వెళ్తాయి. అంటే మోలీ అని ఇచ్చింది నారింజ రంగుకి తిరిగితే అది మోలీ కాదు. ఎర్లిక్ చుక్కలో ఎల్‌ఎస్‌డీ ఊదా రంగుకి వస్తుంది, దాని పేరుతో అమ్మే ప్రమాదకరమైన ఎన్‌బోమ్ రకాలకి రంగే రాదు. ఒక్క రీఏజెంట్‌తో తేల్చేయకూడదు, రెండు మూడు కలిపి చూడాలి, ఎండీఎంఏకీ దాన్ని పోలిన ఎండీఏ అనే వేరే డ్రగ్‌కీ మార్క్విస్‌లో ఒకే రంగు వస్తుంది, సైమన్స్ అనే ఇంకో రీఏజెంట్ వేస్తే ఎండీఎంఏకి నీలం వస్తుంది, ఎండీఏకి రాదు. ఇవి కూడా ఎంత స్వచ్ఛమో చెప్పవు, అందులో కలిసిన చిటికెడు ఫెంటనిల్‌ని పట్టుకోవు, కాబట్టి రీఏజెంట్ చేశాం కదా అని స్ట్రిప్ మానేయొద్దు. మార్క్విస్‌లో గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటుంది, గ్లవ్స్ వేస్కోండి, కిటికీ తెరవండి, వంట చేసే చోట పెట్టుకోవద్దు, చుక్క వేసిన పొడిని పొరపాటున కూడా నోట్లో పెట్టొద్దు.

పక్కాగా తెలియాలంటే ల్యాబ్ మెషీనే. నెదర్లాండ్స్‌లో 1992 నుంచి ప్రభుత్వ నిధులతో డిమ్స్ అనే డ్రగ్ చెకింగ్ ఏర్పాటు నడుస్తోంది, మనిషి వెళ్ళి మాత్ర ఇస్తే చూసి చెప్తారు. న్యూజీలాండ్ 2021లో డ్రగ్ చెకింగ్‌ని శాశ్వతంగా లీగల్ చేస్తూ చట్టమే తెచ్చింది, ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రాలో 2022లో క్యాన్‌టెస్ట్ తెరిచారు, ఇంగ్లండ్‌లో బ్రిస్టల్‌లో ద లూప్ వాళ్ళకి 2024లో లైసెన్స్ వచ్చింది. అక్కడ ఉండే మనవాళ్ళకి ఇవి అందుబాటులోనే ఉన్నాయి, వెళ్తే ఎవరూ తిట్టరు. అమెరికాలో కొన్ని హార్మ్ రిడక్షన్ సెంటర్లలో చూసే మెషీన్ ఉంటుంది, లేదంటే వాళ్ళే శాంపిల్ ల్యాబ్‌కి పంపుతారు, మీ ఊళ్ళో ఉందేమో ఫోన్ చేసి అడగండి.

రిజల్ట్ వచ్చాక

ఒక్క గీత వస్తే పారేయండి, డబ్బులు పోతే పోయాయి. అదే కవర్‌లోంచి ఎవరెవరు తీస్కున్నారో వాళ్ళందరికీ వెంటనే మెసేజ్ పెట్టండి, ఇక్కడ పరువు చూస్కోవద్దు.

రెండు గీతలు వచ్చి, అయినా వేస్కుంటాను అనుకునేవాళ్ళకి: ఒంటరిగా ఉన్నప్పుడు వద్దు, గది గడియ పెట్టుకుని అసలే వద్దు. చాలామంది పోయేది పక్కన మనిషి లేకే. ఆల్కహాల్‌తో, నిద్రమాత్రలతో కలిపి వేస్కోవద్దు. పక్కన ఒకరు ఏమీ తీసుకోకుండా ఉండాలి, నార్కాన్ ఎక్కడుందో ఆ మనిషికి తెలియాలి.

నార్కాన్ అంటే నాలోక్సోన్ ముక్కు స్ప్రే. 2023 మార్చిలో దీన్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మడానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒప్పుకుంది, ఫార్మసీ షెల్ఫ్ మీదే ఉంటుంది, స్ట్రిప్స్ ఫ్రీగా ఇచ్చే చోట ఇది కూడా చాలావరకు ఫ్రీగానే ఇస్తారు. మనిషిని పిలిచినా లేవకపోతే, గురక లాగా గరగరమని శబ్దం వస్తుంటే, ఊపిరి బాగా నెమ్మదించినా ఆగినా, కంటిపాప సూది మొనంత అయిపోతే ఆలోచిస్తూ కూర్చోవద్దు. పెదాలు నీలంగా మారతాయని అన్ని చోట్లా రాస్తారు, మన రంగు వాళ్ళలో అది నీలంగా కాదు, బూడిద రంగులో కనిపిస్తుంది, పెదాల లోపలి వైపు, గోళ్ళు చూడండి. పిడికిలితో రొమ్ము ఎముక మీద గట్టిగా రుద్దండి, కదలకపోతే 911 కొట్టి ముందు అడ్రస్, తర్వాత మనిషి ఊపిరి తీసుకోవట్లేదు అని చెప్పండి. తల వెనక్కి వంచి స్ప్రే మొనని ఒక ముక్కు రంధ్రంలో పూర్తిగా పెట్టి ఒక్క నొక్కు నొక్కండి. పనిచేస్తుందో లేదో అని ముందు గాల్లో కొట్టి చూడొద్దు, ఒక్కో స్ప్రేలో ఉండేది ఒక్క డోసే. ఊపిరి లేకపోతే ముక్కు మూసి 5 సెకన్లకి ఒకసారి నోటితో ఊపిరి ఇవ్వండి. రెండు మూడు నిమిషాల్లో మార్పు లేకపోతే రెండో స్ప్రే ఇంకో ముక్కులో. లేచాక పక్కకి తిప్పి పడుకోబెట్టి అక్కడే ఉండండి, ఎందుకంటే నార్కాన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాల్లో తగ్గిపోతుంది, లోపల ఫెంటనిల్ ఇంకా ఉంటే మళ్ళీ ఊపిరి ఆగొచ్చు. ఓపియాయిడ్ కాకుండా వేరేదైతే ఇచ్చినా హాని లేదు, డౌట్ ఉన్నా ఇచ్చేయండి. చేత్తో ముట్టుకుంటే మనకీ ఎక్కేస్తుందని తిరిగే వీడియోలు నమ్మి దూరంగా నిలబడిపోవద్దు, చర్మానికి తగిలినంత మాత్రాన ఓవర్‌డోస్ అవ్వదు.

మనవాళ్ళు 911 దగ్గర ఆగిపోయేది వీసా భయంతో. ఆ భయం ఊరికే వచ్చింది కాదు, దాన్ని కొట్టిపారేయను. చాలా స్టేట్స్‌లో గుడ్ సమారిటన్ చట్టాలు ఉన్నాయి, ఓవర్‌డోస్‌కి సాయం పిలిచినవాళ్ళ మీద కొంచెం సరుకు దగ్గరుందని కేసు పెట్టకుండా అవి చాలావరకు కాపాడతాయి, ఎంతవరకు అనేది స్టేట్‌ని బట్టి మారుతుంది. వీసా మాత్రం ఫెడరల్ విషయం, డ్రగ్ కేసులో కన్విక్షన్ పడితే చదువు మధ్యలో వెనక్కి పంపేసే దాకా వెళ్ళొచ్చు. కాబట్టి ఒకవేళ కేసు దాకా వస్తే, చిన్న ఫైన్‌తో పోతుందని ఎవరో చెప్పారని గిల్టీ అని ఒప్పేస్కోవద్దు, ఇమిగ్రేషన్ తెలిసిన లాయర్‌తో ముందు మాట్లాడండి, ఆ ప్రమాదం గురించి క్లయింట్‌కి చెప్పడం లాయర్ బాధ్యత అని 2010లో అమెరికా సుప్రీంకోర్టే తీర్పిచ్చింది. కానీ ఇదంతా ఆలోచించాల్సింది మర్నాడు. రూమ్మేట్ పెదాలు బూడిద రంగులో ఉన్నప్పుడు ముందు ఫోన్ చేయండి, వాళ్ళమ్మకి మీరు చెప్పాల్సి వచ్చే మాట గురించి ఆలోచించి చేయండి.

మానాలనుంది, ఎవరికి చెప్పాలో తెలీట్లేదు అనుకునేవాళ్ళకి అమెరికాలో సామ్‌సా హెల్ప్‌లైన్ 1-800-662-4357, రోజంతా ఉంటుంది, ఫ్రీ. ఇండియాలో అయితే 14446. ఇంట్లో చెప్పలేకపోతే ముందు వీళ్ళకి చెప్పండి. రూమ్మేట్ గురించి అడగడానికి కూడా చేయొచ్చు, మీరే వాడుతుండాలని లేదు.